మూడో సీటు, కిటికీ వైపు

ఐదో క్లాసు దాకా ఆ సీటు ఇద్దరిదీ.
ప్రణుతి కిటికీ పక్కన, జెరిన్ నడవ పక్కన.
నహ్దా నుంచి బడి దాకా
నోటుపుస్తకం వెనకట్ట మీద చుక్కల ఆట.
గడి మూసినవాళ్లు అందులో తమ అక్షరం రాసుకునేవారు.
సిగ్నల్ పడితే గొడవ, బస్సు కదిలితే రాజీ.

ఆరో క్లాసు వచ్చింది.
ఆడపిల్లలకి పొద్దున, మగపిల్లలకి మధ్యాహ్నం, మా బడిలో అంతే.
సీటు ఇప్పటికీ ఇద్దరిదే. పూటే వేరు.
పన్నెండు నలభైకి వాడు దిగుతాడు,
వాడి ఒంటి వేడి రెక్సిను మీద ఆరకముందే
ఈ పిల్ల వచ్చి కూర్చుంటుంది.
నేను బస్సు ఆంటీని.
ఎక్కేవాళ్లనీ దిగేవాళ్లనీ లెక్కపెట్టడం నా పని.

మొదట్లో గేటు దగ్గర చేతులూపుకున్నారు.
ఒకసారి అరటికాయ చిప్సు పొట్లం చేతులు మారింది.
ఆ తర్వాత వాడి వెనక కొత్త గొంతులు,
ఇంకా మీసం రాని మగతనాలు:
"అదుగో, నీ పెళ్లాం."
మర్నాటి నుంచి దిగేటప్పుడల్లా
వాడికి బూటు లేసుతోనే పని.

"నేనేం చేశాను ఆంటీ?"
బెల్టు పెట్టుకోమన్నాను. ఇంకేం చెప్పను?

మే నెలలో ఒక రాత్రి దుమ్ము లేచింది.
తెల్లారేసరికి బస్సు మీద పిండి జల్లించినట్టు.
ఆ మధ్యాహ్నం మూడో కిటికీ అద్దానికి, బయటివైపు,
చుక్కలు, నాలుగు వరసలు.
పక్కన ఒకే ఒక్క గీత.
ఈ పిల్ల లోపల్నించి చూసింది,
వేలు అద్దానికి ఆనించి ఊరుకుంది.
మర్నాడు పొద్దున ఎక్కబోతూ, మడమలెత్తి,
తన గీత గీసింది.

అలా రోజుకో గీత. మాటల్లేవు. మొహాలు చూసుకోడం లేదు.
డ్రైవరు గుల్ జమాన్‌ని బతిమాలాను,
బస్సంతా కడుగు, ఆ ఒక్క అద్దం వదిలెయ్యమని.
"సూపర్‌వైజరు నన్ను కడుగుతాడు" అన్నాడు.
వదిలేశాడు.

ఇంతలో వాడు ఫుట్‌బాలు కుర్రాళ్లతో
వెనక సీటుకి మారిపోయాడు.
తొమ్మిది రోజులు గీత లేదు.
పదో రోజు, ఎవరూ చూడకుండా
నేనే గీశాను.

ఎక్కింది. కూర్చుంది. చూసింది.
"ఇది జెరిన్ గీత కాదు."
"నీకెలా తెలుసు?"
"వాడు మూడో గీత చచ్చినా గీయడు,
గడి నాకొచ్చేస్తుంది కదా."
చున్నీకి వేలు తుడుచుకున్నాను.

ఇంటి దగ్గర దిగి, అద్దం ముందు ఆగి,
గడి మూసింది.
అక్షరం రాయకుండా నా వైపు తిరిగింది.
"మీ పేరేంటి ఆంటీ?"
కేజీ నుంచి నా చెయ్యి పట్టుకునే ఎక్కుతోంది.
"గంగాభవాని."
"తెలుగులో ఎలా రాస్తారు?"
గాల్లో రాసి చూపించాను.
గడిలో "గ". తలకట్టు కాస్త పక్కకి జారింది.

మర్నాడు మధ్యాహ్నం
వెనకవాళ్లు తోస్తున్నా కదలకుండా
వాడు ఆ అద్దం ముందే నిలబడిపోయాడు.
"ఆంటీ, యే కౌన్ హై?"
నేను తలలు లెక్కపెడుతున్నాను.
పదిహేడు. పద్దెనిమిది.
"ఎక్కరా" అన్నాను, తెలుగులోనే.