చూడు: ఖర్చులు

ఫ్యాను ఆపేశాను.
వైశాఖంలో, విశాఖలో, ఫ్యాను ఆపుకుని కూర్చోవడం
కాగితాల పిచ్చి ఉన్నవాళ్ళకే చెల్లుతుంది.

కూర్మయ్య చిన్నాన్న పోతూ పోతూ నాకు వదిలింది
నాలుగు సిమెంటు సంచుల వంశం.
పోర్టు రికార్డు రూములో ముప్పైరెండేళ్ళు చేశాను కదా,
"నీకిదో లెక్కేటమ్మీ" అన్నాడు.

ఓడలకైతే వరస ఉంటుంది:
వచ్చిన తేదీ, దించిన సరుకు, వెళ్ళిన తేదీ.
మా వాళ్ళకి తేదీల్లేవు.
బాంబులేసిన ఏడు పెద్దత్త పుట్టింది,
పెద్దగాలికి ముందరి రోజు తాత చెయ్యి కాలింది.
ఏ కవరు మీద ఏమని రాయను?

ముందు తుప్పు పట్టిన గుండుసూదులు తీశాను.
హుదూద్ నాడు తడిసిన కట్ట
ఇప్పటికీ ఉప్పు వాసనేస్తోంది.
రెండు రేషను కార్డులు ఒకదాన్నొకటి వదలనంటే
అలాగే ఉంచేశాను, తోటికోడళ్ళని.

ఇంటిపేరు మూడు రకాలుగా ఉంది.
ఓడ టిక్కెట్టులో బొడ్డేటి, కూలి చీటీలో బొద్దేడ,
బడి సర్టిఫికెట్టులో, మేష్టారి పుణ్యమా అని, బుద్ధాల.
అన్నిటి కిందా చిన్నాన్న ఎర్రసిరాతో
"మనమే" అని రాశాడు.
పెళ్ళిభోజనాల బంతిలో, చావింటి అరుగు మీద
అడిగి అడిగి
సిగరెట్టు పెట్టె అట్టల మీద ఎక్కించుకున్న మనిషి.

ఇక రేకుపెట్టె అడుగున, పసుపుగుడ్డలో
ఆ కాగితం.
సన్యాసి తాత రంగూను నుంచి తెచ్చింది.
గుండ్రగుండ్రటి అక్షరాలు,
దూరం నుంచి తెలుగే, దగ్గరికెళ్తే కాదు.
భూమి పట్టా అన్నారు కొందరు.
బౌద్ధసన్యాసి రాసిచ్చిన రక్ష అంది నాయనమ్మ.
పిల్లలకి జ్వరమొస్తే దిండు కింద పెట్టేది.
జ్వరం తగ్గేది కూడా.

నిన్న దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని
కంచరపాలెం మెట్టు దగ్గర ఆటో దిగి
బర్మా క్యాంపుకి నడిచాను.
మంగతాయమ్మగారు రంగూనులో నాలుగో తరగతి దాకా చదివారట.
నూడుల్సు పొయ్యి సన్నం చేసి
చేతులు కొంగుకి తుడుచుకుని
కళ్ళజోడు కోసం మనవణ్ణి పంపి
చదివారు. మళ్ళీ చదివారు.

"చాకలి చీటీ, తల్లీ.
లుంగీలు రెండు. చొక్కా ఒకటి. దుప్పటొకటి."
ఆగారు.
"ఆడమనిషి రవిక ఒకటి.
ఆరణాలు బాకీ."

నాయనమ్మ ఏనాడూ ఓడెక్కలేదు.
ఆ ఆరేళ్ళూ ఇక్కడే, అల్లిపురంలో,
ఊళ్ళోవాళ్ళ పిండి విసురుతూ ఉంది.
అసలామె బతికినన్నాళ్ళూ రవికే తొడగలేదు.

నరసయ్యమ్మత్తకి ఫోను చేశాను.
చాలాసేపు ఏటీ అనలేదు.
అవతల కుక్కరు మూడు కూతలు కూసింది.
"పేరుకే సన్యాసి" అంది చివరికి.
నవ్విందో, మరేటో.
"ఇంతకీ ఆ ఆరణాలు ఇచ్చీసాడా?"

రాత్రి పదయింది. హార్బరు వైపు ఓడ కూత.
రవిక రంగు తెలీదు, కొలత తెలీదు,
అది తొడుక్కున్నావిడ పేరు తెలీదు.
వాళ్ళిద్దరి బట్టలూ ఒకే మూటలో
ఒకే రేవుకి వెళ్ళాయని తప్ప.
ఇంత మాత్రం ఆధారంతో
మా ఆఫీసులో నాటుపడవని కూడా నమోదు చేసేవాళ్ళం కాదు.

చీటీని ఖర్చుల కవర్లో పెట్టాను.
బాకీ కదా, అక్కడిదే.
వంశం ఫైల్లో మాత్రం
తాతకీ నాయనమ్మకీ మధ్య
ఓ తెల్లకాగితం ముక్క దూర్చాను:
"చూడు: ఖర్చులు, మూడో కవరు."
చిన్నాన్న ఎర్రపెన్ను తీసుకున్నాను.
రాయలేదు.
విదిలించాను, నాలిక మీద అద్దాను. రాయలేదు.
పోన్లే.

ఇంట్లో అందరికీ ఓ మాట చెప్పి ఉంచాలి,
పిల్లలకి జ్వరమొస్తే
ఆ కాగితం ఇకమీదట ఎక్కడ వెతుక్కోవాలో.