అరసున్న

మాగడి దాటాక బస్సులో మిగిలింది మేమే.
కండక్టరు మా తాడు చుట్టని చూసి
బావి తవ్వడానికా అన్నాడు.
మొక్కలు లెక్కపెట్టడానికి అంటే
చిల్లర ఇవ్వడం మర్చిపోయి నవ్వాడు.

సావనదుర్గ. ఇంకా తెల్లవారలేదు.
రాత్రంతా చల్లారిన రాయి
లోపలెక్కడో టిక్కుమంది.
పది మీటర్ల పొడుగు, పది మీటర్ల వెడల్పు,
నాలుగు మేకులు, నీలం నైలాను తాడు:
ఈ గంటకి ఇంత అడవి మాది.

కెంపయ్య చెబుతాడు, నేను రాస్తాను.
విశాలాక్షి మేడం భూతద్దంలోంచి చూసి ఒప్పుకుంటారు,
ఒక్కోసారి ఒప్పుకోరు.
చిరుమాను ఏడు. అతని నోట అది దిండిగ.
బిక్కి రెండు, ఒకటి మేక కొరికింది.
ఎలుగుబంటి పెంట, నిన్నటిది,
పుల్లతో విడదీస్తే రేగుగింజలు, చెదపురుగుల తలలు,
ఓ చాక్లెట్ కాగితం.
అదీ రాయమన్నారు మేడం.
పసుపు గొంతు పికిలిపిట్ట: కనబడలేదు, వినబడింది.
వినబడిందానికి వేరే గడి ఉంది.

పదిహేడో వరుస దగ్గర పెన్సిలు ఆగేది.
ఆ లాటిన్ పేరుకి నా నోరు తిరగదు.
కెంపయ్య వాళ్ళ అవ్వ దాన్ని రాతిచెవి అనేదట,
పసరు పిండి చెవిపోటుకి పోసేదట.
బెంగళూరులో, యూనివర్సిటీ మూడో అంతస్తులో,
కలరా ఉండల వాసన కొట్టే బీరువాలో
ఒక పాత అట్ట మీద అది ఇప్పటికీ పడుకుని ఉంది.
కింద ఎవరిదో వాలు చేతిరాత:
"పై వాలులో విరివిగా."

మొదటిరోజు నేను ఆ గడి ఖాళీగా వదిలేశాను.
లేదు కదా, ఏం రాయను?
మేడం తిట్టలేదు. అట్ట నా చేతికే తిరిగిచ్చి అన్నారు:
ఖాళీ అంటే మనం చూడలేదని.
సున్నా అంటే చూశాం, లేదని.
మోకాళ్ళ మీద వెతికినవాళ్ళకే
సున్నా పెట్టే హక్కు.

అప్పట్నుంచి ఇరవైమూడు చతురస్రాలు, ఇరవైమూడు సున్నాలు.
చెయ్యి తిరిగింది.
మా అక్షరాల్లో అయితే సున్నా లేకుంటే
కొండ లేదు, గంధం లేదు, ఎలుగుబంటీ లేదు.
ఈ కాగితం మీద మాత్రం
అది పెట్టిన ప్రతిసారీ కొండ కొంచెం తగ్గుతోంది.

ఇరవైనాలుగోది అంచున.
మేకు దిగలేదు, తాడుని రాయికి చుట్టాం.
నీళ్ళు తాగుతున్న కెంపయ్య
సీసా మూత పట్టుకున్న చేత్తోనే అటు చూపించాడు.
లోయకి అవతల, ఎవరూ దిగలేని గోడ,
దానిలో ఒక పగులు, పగుల్లో తడి,
తడిలో మూడు ఆకులు.
బైనాక్యులర్ చేతులు మారింది, మళ్ళీ మారింది.
మేడం ఊపిరికి అద్దం మసకబారింది.

పువ్వు లేదు, అన్నారు చివరికి.
పువ్వు చూడందే పేరు రాయను.
కెంపయ్య వినయంగానే అన్నాడు,
సగం తెలుగు, సగం కన్నడం:
మా అవ్వ పువ్వు చూసి వెతకలేదమ్మా,
పిల్లోడి చెవి నొప్పి చూసి వెతికింది.

గాలి వచ్చింది. ఆకులు ఊగాయి,
అవునన్నట్టూ కాదు, కాదన్నట్టూ కాదు.
ఒకటి వెయ్యకు, అన్నారు మేడం.
ఆగి, సున్నా కూడా పెట్టకు.
మరి ఖాళీ వదలకూడదుగా?
ఆవిడ అప్పటికే మేకులు పీకుతున్నారు.

చిన్నప్పుడు తెలుగు మాస్టారు
పాత పుస్తకంలో ఒక గుర్తు చూపించారు,
పడుకున్న నెలవంక లాంటిది.
ఒకప్పుడిక్కడ ముక్కుతో పలికేవాళ్ళురా,
ఆ పలుకు పోయింది, దాని చోటు మిగిలింది అన్నారు.
అదే వేశాను. పెన్సిలుతో, తేలిగ్గా.

సోమవారం ఆఫీసులో
లెక్కలు ఎక్కించే నూర్జహాను కేకేసింది:
అక్కా, ఇదేంటి, సున్నా సగం చెరిపేశావా?
చెరపలేదన్నాను.
కంప్యూటరు తీసుకోవట్లేదంది.
ఉండనీ అన్నాను.

కిటికీ బయట మెట్రో వెళ్ళింది, గాజుగ్లాసులు వణికాయి.
కెంపయ్యకి ఫోన్ చేశాను:
వానలు పడ్డాక వస్తాం, అది పూసేది ఏ నెలలో?
అటునుంచి మాట లేదు, కొండగాలి హోరు తప్ప.
పెట్టేశాడేమో అనుకున్నాను.
లేదు,
వింటున్నాడు.