చిరునామా గడి

గ్రోనింగెన్‌లో వాన నిలువుగా పడదు, అడ్డంగా కొడుతుంది.
తడిసిన చేతి తొడుగులు రేడియేటర్ మీద ఆరేసి
మూడో అంతస్తులో లెక్కకి కూర్చుంటాను.
పదేళ్ల పత్రికలు.
మనిషికి మత్తిచ్చి మళ్లీ లేపడం గురించి అచ్చయిన ప్రతి వ్యాసం.
ఏ దేశం ఎన్ని రాసింది?
అంతే ప్రశ్న. దానికి నాకు ఏడాదిన్నర జీతం.

నియమం ఒకటే:
ఉత్తరాలు ఎవరి పేరిట రావాలో ఆ రచయిత చిరునామా చూడు,
చివరి మాట ఏ దేశమో ఆ దేశం గడిలో ఒకటి వెయ్యి.

మొదటి వారం పెద్ద దేశాలు పెద్ద కుర్చీలు లాక్కుని కూర్చున్నాయి.
తలసరి అని జనాభాతో భాగించానో లేదో
అవి బరువుకి కిందికి జారిపోయాయి,
చలి దేశాలు నాలుగు మీగడలా పైకి తేలాయి.
ప్రొఫెసర్ తెర్ హార్ తలుపు సందులోంచి తల పెట్టి
"మనమెక్కడ, విట్స్కె? బెల్జియం పైనేనా?" అన్నాడు.
"దేనితో భాగించమంటారు?" అన్నాను.
నవ్వాడు. నేను నవ్వలేదు.
సున్నాని మాత్రం దేనితో భాగించినా సున్నాయే.
పట్టిక అడుగున అలాంటి దేశాలు
తెల్లగా, వరసగా,
హాజరు పిలిచినప్పుడు పలకని పిల్లల్లా.

రెండువేల నూట పదిహేడో వ్యాసం.
కెటమిన్, కాన్పు కోతలు, నాలుగువందల మంది తల్లులు.
రచయితలు ఆరుగురు. చిరునామా ఇంగ్లండు.
ఇంగ్లండు గడిలో ఒకటి వేశాను.
తల్లులందరూ మలావీ వాళ్లు.
చివరి పుటలో, చీమ తలంత అక్షరాల్లో,
నమోదు పుస్తకాలు ఇచ్చిన ఎల్. గోండ్వేకి కృతజ్ఞతలు.

ఎందుకు రాశానో తెలీదు, ఉత్తరం రాశాను.
పన్నెండు రోజులకి జవాబొచ్చింది.

"నా పేరు లుసుంగు. మ్జుజు దగ్గర ఆస్పత్రి.
డాక్టర్ని కాను, మత్తిచ్చే ఆఫీసర్ని.
అచ్చు ఫారాలు అయిపోయి చాలా కాలమైంది.
బడి పిల్లల నోటు పుస్తకంలో స్కేలుతో గీతలు గీసుకుంటాను,
ఐదు నిమిషాలకో చుక్క నాడికి, ఐదు నిమిషాలకో టిక్కు రక్తపోటుకి.
వాళ్లు వచ్చి రెండు వారాలు ఫోన్లతో ఫోటోలు తీసుకున్నారు.
మంచివాళ్లే. వెళ్తూ తలకి కట్టుకునే దీపం ఇచ్చారు.
కరెంటు పోయిన రాత్రి ఇప్పటికీ అదే.
వ్యాసం నేను చూళ్లేదు, తెరవడానికి డబ్బడుగుతోంది.
ఇంతకీ మీరు లెక్కపెట్టేది ఏమిటి?"

ఏం చెప్పను?
మలావీ గడిలో అర వెయ్యబోయాను.
యంత్రం ఒప్పుకోలేదు: పూర్ణాంకాలు మాత్రమే.
కింద చిన్న గమనిక పెట్టాను.
ప్రొఫెసర్ దాన్ని మర్యాదగా కొట్టేశాడు,
"నిజమే, కానీ లెక్కలోకి రాదు."

పిత్తాశయం తీయించుకున్న రోజు గుర్తొచ్చింది నాకు.
పది నుంచి వెనక్కి లెక్కపెట్టమంది ముసుగు వెనక ఒక గొంతు.
పది, తొమ్మిది, ఎనిమిది.
ఏడు నా నోట్లోనే కరిగిపోయింది.
ఆ ఏడుకీ మెలకువకీ మధ్య నా ఊపిరి ఎవరి చేతిలో ఉందో,
ఆ చేతికి పని నేర్పిన కాగితం ఏ దేశానిదో
అడగలేదు.
ఆ కాగితం కింద ఎవరి నోటు పుస్తకం ఉందో
అసలే అడగలేదు.

లుసుంగుకి అదే రాశాను, లెక్క సంగతి వదిలేసి.
ఈసారి జవాబు త్వరగా వచ్చింది.

"నేను అంకెలు చెప్పించను.
రాత్రి వచ్చేవాళ్లు భయంతో అన్నీ మరిచిపోతారు,
అక్కచెల్లెళ్ల పేర్లు చెప్పమంటాను. అవి ఎవరూ మరవరు.
మొన్న ఒకావిడ నాలుగో పేరు దగ్గర ఆగిపోయింది.
రేకుల మీద వాన. జనరేటరు రెండుసార్లు దగ్గింది.
బిడ్డ ఏడిచింది. కుట్లు పడ్డాయి.
తెల్లారుతుండగా కళ్లు తెరిచి,
ఎక్కడున్నానని అడగలేదు,
ఐదో పేరు చెప్పింది.
గంట చూసి పుస్తకంలో రాసుకున్నాను."