రైలు పట్టా ముక్క

అది గంట కాదు.
జ్ఞానాపురం పాత సామాన్ల కొట్టులో
తూకానికి కొన్న రైలు పట్టా ముక్క,
మూరెడు కూడా లేదు.
మా అయ్య దాన్ని భుజాన మోసుకొచ్చి
జాలరిపేటలో మా పాక వాసానికి
నైలాను తాడుతో వేలాడగట్టాడు.
ఆదివారం తెల్లారగట్ల అయిదింటికి
ఇనప బోల్టుతో మూడు దెబ్బలు.
వచ్చేవాళ్ళు నలుగురు.
అందులో ఇద్దరం నేనూ, మా అమ్మా.

ఆ పుస్తకంలో చేపలవాళ్ళు
పిలుపు విని వలలు విడిచి పోయారట.
మా అయ్య వలను విడవలేదు,
వలే మా అయ్యను విడిచింది.
జాతర చందా రాయనన్న ఏడు
పెద్దలు ఇసకలో కూచుని తేల్చారు:
అర్జిల్లి దానయ్యకి పడవలో చోటు లేదు,
లాగిన వలలో వాటా లేదు,
ఎదురుపడితే పలకరింపు లేదు.
"నలుగురితో పాటు నడిస్తే ఏటి పోద్దిరా?" అన్నాడు
పెదనాన్న, కళ్ళు తుడుచుకుంటూనే.
"మీ మీద కోపం నేదన్నా,
మాటిచ్చేసినాను" అన్నాడు అయ్య.
అంతకు మించి ప్రసంగం
ఆయనకెప్పుడూ రాలేదు.

మా ఒడ్డున అమ్మకి చేప అమ్మరు.
చీకటితోనే ఫిషింగ్ హార్బరుకి నడిచి
కానాగంతలు కొని
కంచరపాలెం మెట్ట దాకా మోసేది.
బుట్ట నీళ్ళు మెడ మీంచి కారి
రవికె వెనక ఉప్పు గీతలు.

నేనా? బడిలో నా పేరు హల్లెలూయగాడు.
ఒక రాత్రి ఆ ఇనప ముక్కని
నేనే సముద్రంలో పారేద్దామని
తాడు ముడి దాకా చెయ్యి పెట్టాను.
బరువు చూసి వదిలేశాను.
ఈ సంగతి అయ్యకి తెలుసో లేదో.

తర్వాతి వారం అది నిజంగానే పోయింది.
తడిక సగం కాలి ఉంది.
అయ్య ఎడమ చెవి వెనక చీలి ఉంది.
పోలీసాయన ఎవరు కొట్టారని అడిగితే
"సీకటి బాబూ" అన్నాడు.
ఎవరో ఆయనకి తెలుసు. మాకూ తెలుసు.
ఆ ఆదివారం అయిదింటికి
డాల్డా డబ్బా మోగింది.
డబ్బా పోతే రెండు రాళ్ళు.
"రాళ్ళు కూడా ఎత్తుకెల్తారేటి?" అని
సముద్రం ఒడ్డున కూచుని నవ్వాడు.

చెల్లి సంగతి ఇక్కడ రాయను.
జ్వరం ముదిరిన రాత్రి
పేటలో ఉన్న ఒక్క ఆటో
మా గుమ్మం ముందు నించే ఖాళీగా వెళ్ళింది.
ఇంతవరకే.
ఆ వారం కూడా రాళ్ళు మోగాయి.
అమ్మ లేవలేదు.
అయ్య ఆమెను పిలవలేదు.
నేను ఆయన్ని క్షమించలేదు,
ఆటోవాణ్ణి ఎప్పుడో క్షమించాను గానీ.

ఇప్పుడు కె.జి.హెచ్.లో కిటికీ పక్క మంచం.
కుడి పక్క పడిపోయింది, మాట పోయింది.
ఆదివారం అయిదింటికి ఎడం చేత్తో
మంచం కమ్మీ మీద చెంచాతో మూడు దెబ్బలు.
పక్క మంచమాయన తిట్టాడు.
నర్సమ్మ చెంచా లాక్కుంది.
గోటితో కొట్టాడు.

నిన్న సూరాడ పోలయ్య వచ్చాడు,
ముసలాడు, చేతిలో బత్తాయిల కవరు.
మంచం దాకా రాలేదు.
వరండాలో నన్ను ఆపి, గోడకేసి చూస్తూ
"మూడో బండ కాడ పడేసినానురా,
పాటు కొచ్చినప్పుడు అగుపడతాది" అన్నాడు.
"ముప్పయ్యేళ్ళు. ఏటకెల్లినప్పుడల్లా
ఆ పక్కకి సూడకుండా తెడ్డేసేవోణ్ణి."
బత్తాయిలు నా చేతిలో పెట్టి
మెట్లు దిగిపోయాడు.

ఇవాళ నీళ్ళు వెనక్కి తీసే వేళకి వెళ్ళాను.
ఉంది.
తుప్పు, నాచు, అంటుకున్న గవ్వల గరుకు,
కింద ఒక పీత కాపురం.
ఎత్తబోయాను.
తుప్పు తిన్నా, చిన్నప్పటి బరువే.
రాయి తీసుకుని మూడుసార్లు కొట్టాను.
మోగలేదు. తడి దుంగలాగ దడ్‌మంది.
పీత అలిగి ఇసకలోకి పోయింది.

నేను నమ్మినవాణ్ణి కాదు, ఇప్పటికీ.
అయినా నీళ్ళు తిరిగొచ్చేదాకా
మోకాలి లోతున నిలబడ్డాను,
ఎవరో నలుగురు రావాలన్నట్టు,
వాళ్ళొచ్చేలోగా
చాప దులిపి పరవాలన్నట్టు.