ఏడు నిమిషాలు

ఆనేకల్ దాటినాక రెండు పంచాయితీలు.
ఒకటే బోరు, ఒకటే ట్యాంకు,
ఇద్దరికీ నేనొక్కణ్ణే నీరుగంటిని.

జీతం చెరి సగం.
చొక్కా వీళ్ళిచ్చినారు.
ప్యాంటు వాళ్ళిస్తామన్న తీర్మానం
మూడు మీటింగులుగా ఫైల్లోనే నానుతోంది.

తెల్లారి నాలుక్కి ఇక్కడి వాల్వు తిప్పుతా.
వరసలో బిందెలు నోళ్ళు తెరుస్తాయి.
"ఇంకో రెండు కొడాలు, ఓబుళేశన్నా" అంటుంది సాకమ్మ.
అప్పటికే అవతలూరి నుంచి ఫోను మోగుతుంటుంది.

ఐదుంబావుకి కట్టేసి
ఇనుప తాళంచెవి భుజానేసుకుని నడుస్తా.
వాల్వుకీ వాల్వుకీ మధ్య ఏడు నిమిషాలు.
ఆ ఏడు నిమిషాలూ నేనెవరి మనిషినో
ఏ రిజిస్టర్లోనూ లేదు.

హద్దురాయి కాడ పైపు అతుకు కారుతుంటుంది.
మాది కాదని వీళ్ళు, మాది కాదని వాళ్ళు.
నా సంచిలో రెంచీ ఉంది, బిగించొచ్చు.

ఆ తడిలో ఎవరూ విత్తని తోటకూర
మోకాలెత్తు పెరిగింది.
నిన్న ఈ పక్క నుంచి సాకమ్మ,
ఆ పక్క నుంచి ఎవరో పేరు తెలీనామె
వంగి కోసుకుంటున్నారు.
కట్ట కట్టేందుకు నారు లేదంటే
ఆమె తన కొంగు అంచు చింపి ఇచ్చింది.

రెంచీ బయటికి తియ్యలేదు.
కాస్త నెమ్మదిగా నడిచినాను.
ఎనిమిది నిమిషాలైంది.