దొంగ రేవు

అంతర్వేదిపాలెంలో రొయ్యల చెరువు గట్టు మీద
రేకుల పాకలో నా నౌకాదళ కార్యాలయం:
బ్యాటరీ ఎప్పుడో చచ్చిన ఒక లాప్‌టాప్, దోమల బత్తి,
మేత బస్తాల మీద పరిచిన పసిఫిక్ మహాసముద్రం.

ఆవలి ఒడ్డున, నరసాపురంలో,
ఐసు ఫ్యాక్టరీ లెక్కల గదిలో కూర్చుని
నేను కొట్టాల్సిన దీవులన్నీ ఏసుపాదం కాపలా కాస్తుంటాడు.
రోజుకో వంతు. నాలుగు నెలలుగా యుద్ధం.
పంటు మీద ఎదురుపడితే మాత్రం
పులస రేటు మాట్లాడుకుంటాం.

నా ఎత్తు ఇదీ.
ఉత్తరపు దీవి మీద ఆరు రోజులు బాంబులు.
తుప్పుపట్టిన క్రూయిజర్లు, ఖాళీ రవాణా ఓడలు,
వాడి గస్తీ విమానం కంట పడేలా పట్టపగలే ప్రయాణం.
రేడియోలో ఊరికే కబుర్లు,
పెళ్లివారు దిగని విడిదింట్లో గాడిపొయ్యి వెలిగించినట్టు.
అసలు సేన వానమబ్బు చాటున, దీపాల్లేకుండా,
దక్షిణాన ఎవరూ పట్టించుకోని పగడపు దిబ్బకి.
ఆటలోనూ చంద్రుడుంటాడు, తెర మూలన, బొట్టంత.
శుద్ధ అష్టమి ఎంచుకున్నాను:
అర్ధరాత్రికి దిగిపోతాడు, ఆ తర్వాత అంతా నాదే.

ఖాళీ ఓడల్లో మనుషులుండరు.
క్రూయిజర్ల మీద ఉంటారు, ఒక అంకెగా.
ఆ అంకె వైపు ఎక్కువసేపు చూడను.

మోసం నాకు పుస్తకాలు నేర్పలేదు.
మా నాన్న ఉప్పుటేట్లో వల కట్టి
రెండో వైపు నుంచి తెడ్డుతో నీళ్లు బాదేవాడు.
చేప చప్పుడుకి జడిసి నిశ్శబ్దంలోకి పారిపోయేది.
వల ఉండేది నిశ్శబ్దంలోనే.
తుఫానూ అంతే. బందరు అన్నారు,
బందరు వాళ్లు గొడ్లను విప్పుకున్నారు,
తెల్లారేసరికి మా కొబ్బరి తోటలు
దువ్వెనతో దువ్వినట్టు ఒకే వైపు పడుకున్నాయి.

మొన్న పంటు మీద, గాలివాటంగా అన్నట్టు,
"ఉత్తరాన మంచు ఎన్నాళ్లుంటుందేటో" అన్నాను.
ఏసుపాదం పల్లీ పొట్టు ఊది, నీళ్లకేసి చూసి,
"నా దగ్గరైతే ఏడాది పొడుగునా ఉంటాది" అన్నాడు.

రాత్రి రెండున్నర. దండు కదలాల్సిన వంతు.
అన్నీ గళ్లలో సర్దాను. మీట మీద వేలు.
కరెంటు పోయింది.

ఎనిమిది ఏరియేటర్లు ఒక్కసారే ఊపిరి బిగబట్టాయి.
అంత నిశ్శబ్దం! నాన్న వల గుర్తొచ్చింది.
జనరేటరు దగ్గుతుంది, అంటుకోదు.
టార్చి వేస్తే
గట్టు పొడుగునా, నీటి అంచున,
వేలకొద్దీ ఎర్రటి కళ్లు.
గాలి కోసం పైకి లేచిన రొయ్యలు
మీసాలు ఒడ్డుకి ఆనించి వరసలు కట్టాయి.
ఏ పటం మీదా గుర్తు పెట్టని దండయాత్ర,
మాయా లేదు, మర్మం లేదు,
నేరుగా నా కాళ్ల దగ్గరికే.

ఫోన్ చేశాను. "ఐసు కావాలి ఏసుపాదం.
చెరువు పోతోంది. పట్టుబడి పెట్టేస్తున్నాం."
ఈ నెలలో వాడితో నేనన్న మొదటి నిజం.

తొలి పంటుకే బండి దిగింది.
ఊక కప్పుకున్న దిమ్మలు, డ్రైవరు చేతిలో తడిసిన చీటీ.
ముందు వైపు: దిమ్మలు నలభై.
వెనక, పెన్సిలుతో:
"అష్టమి పోటు చచ్చు పోటు. దక్షిణపు దిబ్బ మీద
నీ పడవలు ఇరుక్కుంటాయి. పున్నమి దాకా ఆగు."

పోటు మీద పుట్టి, పోటే మర్చిపోయాను.
పున్నమికి నీళ్లుంటాయి, నిజమే.
పున్నమి వెలుగులో నా ఓడలూ కనిపిస్తాయి.
ఇది స్నేహమా, లేక తెడ్డు చప్పుడా?

మోకాళ్ల లోతు బురదలో నిలబడి
దిమ్మలు దింపించాను. లెక్కపెట్టాను.
నలభై రెండు.
మళ్లీ లెక్కపెట్టాను.