ఎక్కడెక్కినావు

సాలూరు నైట్ హాల్టు చేసి
డిపోలో లెక్క అప్పజెప్పి
ఎనిమిదికి ఇల్లు చేరాను.
నేల మీద నిలబడ్డా
కాళ్లింకా బస్సులోనే ఊగుతున్నాయి.
మొహం కడుక్కుందామని పెరటి తలుపు తీశాను.

పెరడంటే పెద్ద మాట.
ఫూల్‌బాగ్ కాలనీలో మా వాటా వెనక
పదడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు.
సబ్బు నీళ్లు తాగి బతికే అరటి,
ఎవరూ నాటని బొప్పాయి,
మా మట్టిలో పుట్టి
పక్కింటి గోడ మీద కాసే ఆనపపాదు,
వారమై నేను ఊడ్వని ఆకులు.

ఆ ఆకుల్లో ఎవరో వెతుకుతున్నారు,
ముక్కుపుడక జారిపోయిన మనిషిలా
ఒక్కో ఆకూ తిరగేసి
పక్కకు తోసి
మళ్లీ తిరగేసి.

గుప్పెడంత పిట్ట.
వీపు మీద ఊడ్పులైన మడి పచ్చ,
భుజాన బొత్తామంత నీలం,
అద్దం లేకుండా దిద్దుకున్నట్టు
చెవులదాకా సాగిపోయిన కాటుక.
పొట్ట కింద ఎరుపు మాత్రం
గెంతినప్పుడే కనిపిస్తుంది,
లోపలి లంగా అంచులా.
తోక దగ్గరికొచ్చేసరికి
గుడ్డ చాలలేదు కాబోలు.

పద్దెనిమిదేళ్ల అలవాటు, నోరు ఊరుకోదు:
ఎక్కడెక్కినావు?
ఎక్కడ దిగాల?

మేడ మీంచి అసిరమ్మ కేకేసింది,
‘‘ఓలమ్మ, అదేటే, సిలకా?’’
‘‘సిలక కాదే. నువ్వు అరవకు.’’

సరిగ్గా అప్పుడే వీధిలో ఆటో.
స్కూటీ పెట్టుకోడానికి
పెరడంతా గచ్చు చేయిద్దామని
నేనే రమ్మన్న మేస్త్రీ పైడిరాజు,
ఆరు సిమెంటు బస్తాలు.
తాపీ చేత్తో పట్టుకుని తలుపు దగ్గరే ఆగిపోయాడు.

‘‘పొన్నంకి పిట్ట, మేడమ్.
బొండపల్లిలో మా జీడితోట కింద
తొలకరికి ముందు కూసేది.
మా తాత దానికి ఎదురు ఈలేసేవోడు.’’
గొంతుక్కూర్చుని రెండు ముక్కల ఈల వేశాడు.

పిట్ట ఒక కాలు ఎత్తి పట్టుకుని
వింది.
బదులు చెప్పలేదు.
పని మళ్లీ మొదలెట్టింది.

ఇవి రాత్రిళ్లే ప్రయాణం చేస్తాయట,
లైట్లు లేకుండా, డ్రైవరు లేకుండా.
సాలూరు బస్టాండులో
ముగ్గురి సీటు మీద నేను నడుం వాల్చిన గంటలో
నా నెత్తి మీంచే పోయుంటుంది.

గంటసేపు చూశాక పైడిరాజు లేచాడు.
‘‘సోమారం వొస్తాను. సగం కూలి ఇప్పించండి మరి.’’
ఇచ్చాను.
సిమెంటు వరండాలోనే ఉండిపోయింది.

మూడు రోజులు.
డ్యూటీలో ఉన్నా కన్ను పెరట్లోనే.
గజపతినగరంలో ఒకాయన
‘‘నా నూట అరవై ఏదమ్మా’’ అని అరిస్తే గానీ
చిల్లర గుర్తుకురాలేదు.
ఆ ఎత్తిపట్టిన కాలే కళ్లలో ఉంది.

నాలుగో పొద్దున
తిరగేసిన ఆకులు తిరగేసినట్టే ఉన్నాయి.
పిట్ట లేదు.
దిగేటప్పుడు కండక్టరుతో చెప్పి దిగిన మనిషిని
నేనింతవరకు చూడలేదు,
పిట్టననేదేముంది.

సోమవారం పైడిరాజు వచ్చాడు.
‘‘నాలుగడుగులు చాలు, మిగతాది వొదిలెయ్’’ అన్నాను.
తాడు కట్టాడు. కాసేపు చూశాడు.
దాన్ని అతనే
ఇంకో జానెడు వెనక్కి జరిపాడు.
ఎందుకని నేనడగలేదు.
స్కూటీ ఇప్పటికీ వంకరగానే నిలబడుతుంది.

మర్నాడు పచ్చి గచ్చు మీద
మూడు వేళ్ల అచ్చులు!
లాంతరు పట్టుకున్నంత భద్రంగా
సెల్‌ఫోను లైటు పట్టుకుని వంగి చూశాను.

కాకివి.
దానికి నెలవారీ పాసుంది.